జెండా తోక ఊడదీసిందెవరు?

యాన్ జిచెన్‌ని చూస్తే తాన్ బోలిన్‌కి అసూయ లేదని నాన్‌జింగ్ పోలీసు కార్యాలయం మొత్తంలో నమ్మేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ తాన్ బోలినే.

ఇరవై ఏళ్ళ సర్వీసు అతనిది. దొంగతనం జరిగిన ఇంట్లో అడుగుపెట్టగానే దొంగ ఏ కిటికీలోంచి వచ్చాడో చెప్పగల కళ్ళు. అయినా పోయిన నెలలో జపాను వాళ్ళు నిలబెట్టిన కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు డిటెక్టివ్ విభాగం పెద్ద కుర్చీ అతనికి దక్కలేదు. ముప్పై నాలుగేళ్ళ యాన్‌కి దక్కింది. యాన్ నాగసాకిలో చదువుకొచ్చాడు, జపాను భాష గడగడా మాట్లాడతాడు. కుర్చీతో పాటు ఇత్తడి దీపం, ఆకుపచ్చ తెర ఉన్న సొంత రిక్షా కూడా సంపాదించుకున్నాడు. ఒకసారి తాన్ భార్య మిన్‌షూ అన్నం వడ్డిస్తూ, "ఆ యాన్ గారు ఆడవాళ్ళు ఎదురైతే గ్లౌజులు తీసి మరీ నమస్కారం పెడతారు తెలుసా?" అంది. ఆ పూట తాన్ రెండో గిన్నె అన్నం ముట్టుకోలేదు.

ఆ రోజు ఉదయం తొమ్మిదీ పదికి అతను లాకప్‌లో స్టూలు వేసుకుని ముసలి గెంగ్ ఎదురుగా కూర్చున్నాడు. గెంగ్ ఒక ఆడపిల్లల బడికి గేటు కాపలాదారు. ముందురోజు యాన్ స్వయంగా అరెస్టు చేసి పట్టుకొచ్చాడు.

కేసు చిన్నది, ప్రాణం మీదికి తెచ్చేది. కొత్త ప్రభుత్వపు జెండా నిజానికి పాతదే. ఎర్ర నేల, మూలన నీలాకాశం, అందులో తెల్ల సూర్యుడు. చోంగ్‌చింగ్‌లో కూర్చుని జపానుతో యుద్ధం చేస్తున్న పాత ప్రభుత్వం వాళ్ళదీ అదే జెండా. ఆ జెండా మాదంటే మాదని రెండు ప్రభుత్వాలు కొట్టుకుంటున్నాయి. మధ్యలో జపాను సైనికులకు దిక్కు తోచడం లేదు. నిన్నటిదాకా కనబడితే కాల్చిన జెండా ఇవాళ వీధి వీధినా వేలాడుతోంది. అందుకని పైఅంచుకి ముక్కోణపు పసుపు గుడ్డ ఒకటి కుట్టాలని ఆజ్ఞ. శాంతి, కమ్యూనిస్టు వ్యతిరేకత, దేశ నిర్మాణం అని దాని మీద నల్లటి అక్షరాలు. జనం దాన్ని తోక అనేవారు. తోక ఉంటే మిత్రుడు, లేకపోతే శత్రువు.

నిన్న ఉదయం ఏడూ యాభైకి బడి గేటు ముందు నుంచి వెళ్తున్న జపాను సైనికుల లారీకి తోకలేని జెండా కనబడింది. తుపాకులు పేల్చారు. దారిన పోతున్న సోయా పాల వ్యాపారి తొడలో గుండు దిగింది. ఇవాళ పన్నెండింటికి జపాను మిలిటరీ పోలీసులు వచ్చి గెంగ్‌ని తీసుకుపోతారు. వాళ్ళు తీసుకుపోయినవాడు తిరిగి రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"తాతా, మళ్ళీ మొదట్నించీ చెప్పు. జెండా ఎన్నింటికి కట్టావు?"

"ఆరూ నలభైకి బాబూ. పెద్ద పంతులమ్మగారు గోడ గడియారం చూసి మరీ కట్టిస్తారు."

"తోక ఉందా?"

"ఉంది. నా తల మీద జుట్టు లేదేమో గానీ దానికి తోక మాత్రం ఉంది."

"నవ్వులాట కాదు తాతా. తోక అసలు కట్టనే లేదంటున్నాడు యాన్."

"ఆయన పెద్దాయన. నేను ముసలాణ్ణి. ఆయన అన్నదే నిజమవుతుంది." గెంగ్ గోడకు జారబడ్డాడు. "ఏడింటికి వాన పట్టుకుంది. గదిలోకి పోయి జావ కాచుకున్నాను. ఏడూ పాతిక్కి వెలిసింది. కెటిళ్ళు రెండూ పట్టుకుని ఎదురు కొట్టుకి వేణ్ణీళ్ళ కోసం పోయాను. తిరిగొస్తూ ఉంటే ఢాం ఢాం అన్నాయి. కెటిళ్ళు వదిలేసి బోర్లా పడ్డాను. ఇంకేం తెలీదు."

"పోయేటప్పుడు జెండా వంక చూశావా?"

"రోజూ చూసే జెండాని ఏం చూస్తాం బాబూ?"

తాన్‌కి ఆ జవాబు నచ్చింది. అబద్ధం చెప్పేవాడైతే చూశానని అనేవాడు.

*

తొమ్మిదీ యాభైకి అతను బడి గేటు దగ్గరున్నాడు. జెండా కొయ్య గేటు పైనుంచి వీధిలోకి ఏటవాలుగా వంగి ఉంది. కింద నిలబడితే అందదు. రెండడుగుల ఎత్తు ఎక్కితే జెండా పైఅంచు చేతికి అందుతుంది. గేటు దగ్గర స్టూలు లేదు, నిచ్చెన లేదు. గోడకి పాదాల గుర్తులు లేవు.

జెండాని పెద్ద పంతులమ్మ గదిలో బల్ల మీద పరిచారు. సాక్ష్యం కాబట్టి ఉతకలేదు. తాన్ దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. నీలి మూల పైఅంచు వెంట బెత్తెడు మేర ఆకుపచ్చగా మారింది. తెల్ల సూర్యుడి పైకిరణం పచ్చకామెర్ల కన్నులా ఉంది.

పసుపు రంగు కారింది. చవక రంగు, మొదటి వానకే దిగిపోయింది. అంటే వాన పడుతున్నంతసేపూ తోక అక్కడే ఉంది. గెంగ్ నిజం చెప్పాడు. ఏడూ పాతికకీ ఏడూ యాభైకీ మధ్య ఎవరో తీశారు.

యాన్ కూడా ఈ జెండా చూశాడు కదా, ఇంత పెద్ద మరక అతని కంట పడలేదా? తాన్ పెదవుల మీదికి రాకూడని చిరునవ్వు వచ్చింది.

అంచు మీద సూది కన్నాలున్నాయి, వరసగా. కానీ ఒక్క దారపు పోగు కూడా లేదు. కత్తిరిస్తే ముక్కలు మిగలాలి. లాగి చింపితే గుడ్డ చిరగాలి. రెండూ జరగలేదు. జెండాని చేతిలోకి తీసుకుని, ఆ కన్నాల వంక చూస్తూ ఎదురుగా ఉన్న వేణ్ణీళ్ళ కొట్టుకి నడిచాడు.

కొట్టు పిన్ని పొయ్యిలో ఊక పోస్తోంది. యాభై దాటిన మనిషి, మసి చేతులు, మాటకు మాట అప్పజెప్పే నోరు.

"నిన్న గెంగ్ తాత ఎన్నింటికి వచ్చాడు పిన్నీ?"

"వాన వెలవగానే వచ్చాడు. నీళ్ళింకా మరగలేదు పోరా అంటే పోడే. పావుగంట కూర్చుని మోకాళ్ళ నొప్పుల పురాణం విప్పాడు. నా మోకాళ్ళకి కూడా నొప్పి పుట్టింది. ఆ ముసలాడా మీకు దొరికింది? ఇంకెవరూ దొరకలేదా?"

"ఈ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదా?"

"కెటిళ్ళు నిండాక లేచాడు. పది అడుగులు వేశాడో లేదో కాల్పులు."

తాన్ జెండా అంచు ఆమె ముందు పెట్టాడు. "ఈ కుట్టు ఏదో చెప్పగలవా?"

ఆమె చేతులు తుడుచుకుని కన్నాలు చూసింది. తర్వాత పక్కనున్న ఊక బస్తా దగ్గరికి పోయింది. మూతి కుట్టుకి కుడి కొసన వేలాడుతున్న దారాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగింది. దారం మొత్తం సర్రున జారి ఆమె చేతిలోకి వచ్చేసింది. బస్తా నోరు తెరుచుకుంది.

"గొలుసుకుట్టు బాబూ. బియ్యం కొట్లలో బస్తాలకి వేస్తారు. సరైన కొస తెలిస్తే చంటిపిల్ల కూడా విప్పుతుంది. తెలియక రెండో కొస లాగావనుకో, బిగుసుకుపోయి కూర్చుంటుంది. జెండాకి ఇది వేసిన మహాతల్లి ఎవరో గానీ, కుట్టేటప్పుడే విప్పాలనుకుంది."

తాన్ సగం విన్నాడు. తీసినవాడికి కొస తెలుసు, అక్కడిదాకా విన్నాడు. "అప్పుడు గేటు దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"మనుషులెవరూ లేరు. రిక్షా ఒకటి వచ్చి సరిగ్గా జెండా కిందే ఆగింది. కెటిలు నిండేంతసేపు ఆగి పోయింది."

"ఎలాంటి రిక్షా?"

"షోకుది. ఇత్తడి దీపం, ఆకుపచ్చ తెర."

ఇరవై ఏళ్ళలో ఏ సాక్షి మాటా తాన్‌కి ఇంత తియ్యగా వినిపించలేదు. రిక్షా మెట్టు మీద నిలబడితే రెండడుగుల ఎత్తు. జెండాలు కుట్టించి పంచింది యాన్ విభాగమే. తోక తానే తీసి, ముసలాణ్ణి తానే పట్టి, మెప్పు తానే కొట్టేద్దామనుకున్నాడన్నమాట!

"లోపలున్న మనిషిని చూశావా?"

"వచ్చినప్పుడూ పోయినప్పుడూ తెర దించే ఉంది, మధ్యలో నేను పొయ్యి చూసుకుంటున్నాను. వానకి తడిసిన తెర ఎత్తి ఎవరు చూస్తారు?"

ఇంకెప్పుడైనా అయితే తాన్ ఆ తెర దగ్గర ఆగేవాడు. రిక్షా లాగినవాణ్ణి పట్టుకుని నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. ఇవాళ అతనికి ఆగే ఓపిక లేదు. పిన్ని బల్ల మీదే కాగితం పరిచి పోలీసు కార్యాలయంలో కూర్చునే జపాను సలహాదారుకి చీటీ రాశాడు: 'కాపలాదారు నిర్దోషి. నిన్న ఏడున్నరకి యాన్ జిచెన్ రిక్షాలో వచ్చిన మనిషే తోక తీశాడు. సాక్షి ఉంది.' కింద సంతకం చేసి, పేరు స్పష్టంగా రాసి, వెంట వచ్చిన సైకిల్ కానిస్టేబుల్ చేతికిచ్చాడు. గడియారం పదీ నలభై చూపిస్తోంది.

*

పదకొండూ పదికి అతను తలుపు తట్టకుండా యాన్ గదిలోకి వెళ్ళాడు.

"రండి తాన్ అన్నా, కూర్చోండి. టీ పోయించమంటారా?"

ఆ 'అన్నా' అన్న పిలుపే తాన్‌కి ఒళ్ళు మండించేది. మర్యాదలో కూడా పైచేయి తనదే కావాలి వీడికి.

"నీ టీ నువ్వే తాగు. నిన్న ఏడున్నరకి నీ రిక్షా బడి గేటు దగ్గర ఏం చేస్తోంది?"

యాన్ చేతిలో కప్పు ఆగింది. "ఎవరు చెప్పారు?"

"చూసినవాళ్ళు. వానలో తోక ఉందని జెండా మీద మరక చెప్తోంది. అది కంట పడనంత గుడ్డివాడివి కాదు నువ్వు. చూసి దాచావు. ముసలాణ్ణి చంపి మెడల్ పెట్టుకుందామనుకున్నావు."

"నెమ్మదిగా మాట్లాడండి."

"ఎందుకు? జపాను వాళ్ళకి వినబడుతుందనా? ఇప్పటికే వినబడింది. చీటీ పంపేశాను."

యాన్ లేచి తలుపు గడియ వేశాడు. తిరిగొచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. "ఏం రాశారు? ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పండి."

తాన్ చెప్పాడు. చెప్పడంలో ఉన్న ఆనందాన్ని ఆఖరి అక్షరం దాకా అనుభవించాడు.

"నా రిక్షాలో వచ్చిన మనిషి అని రాశారు," అన్నాడు యాన్ మెల్లగా. "నేను అని రాయలేదు. రిక్షాలో నేను లేను అన్నా. ఆ ఉదయం వానలో నడిచిపోతున్న ఒకరిని చూసి మా ఆవిడే జాలిపడి ఇచ్చింది."

"ఎవరికి?"

"ఆ కుట్టు చూశారు కదా. బియ్యం బస్తాల గొలుసుకుట్టు. మన ఆఫీసర్ల భార్యలందరితో తోకలు కుట్టించాం. వాళ్ళలో వూహూ ఊళ్ళో బియ్యం కొట్టు ఉన్నవాళ్ళ బిడ్డ ఎవరు?"

వూహూలో నదీతీరాన బియ్యం కొట్టు. పద్నాలుగేళ్ళ కిందట ఆ కొట్టు ముందు నిలబడే తాన్ పెళ్ళిచూపులకి లోపలికి పోవాలా వద్దా అని తటపటాయించాడు.

"మిన్‌షూ," అన్నాడు.

"కన్నాలు చూడగానే నేను గుర్తుపట్టాను. అందుకే ముసలాణ్ణి పట్టుకున్నాను. మంచివాణ్ణని చెప్పను, రిక్షా నాది, మెడ నాది. కానీ ఆవిడ మెడ కూడా అందులోనే ఉంది. మీరు ఒక్క చీటీతో ఇద్దర్నీ ఉరి ఎక్కించారు."

తాన్‌కి భయం వేయాల్సిన చోట వేరే మంట రేగింది. పద్నాలుగేళ్ళుగా ఆమె కుట్టిన చొక్కాలు వేసుకున్నాడు, ఆమె మాసికలు వేసిన మేజోళ్ళు తొడుక్కున్నాడు. ఆమె చేతి కుట్టు తను గుర్తుపట్టలేదు. వీడు ఒక్క చూపులో పట్టాడు.

"నా భార్య కుట్టు నీకెలా తెలుసు?"

యాన్ అతన్ని వింతగా చూశాడు. "ముప్పావు గంటలో మిలిటరీ పోలీసులొస్తారు. మీరు అడగాల్సింది అదేనా?"

*

కుట్టుపని గది వెనక భవనంలో ఉంది. తలుపు తీసేసరికి మిన్‌షూ ఒక్కతే ఉంది. మిగతావాళ్ళు అన్నాలకి వెళ్ళారు. ఆమె ముందు పసుపు గుడ్డలు గుట్టగా ఉన్నాయి. భర్తని, అతని వెనక యాన్‌ని చూసి సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

దారిలో తాన్ ఎన్నో మాటలు అనుకున్నాడు. నోటి నుంచి వచ్చింది మాత్రం ఒకటే.

"అతని రిక్షాలో ఎందుకెళ్ళావు?"

"చూశారా? మొదటి మాట అదే. ఎందుకు తీశావని అడగలేదు, ఏమవుతుందోనని అడగలేదు. అందుకే నిన్న సాయంత్రం ఆయన దగ్గరికి పోయి చెప్పుకున్నాను. మీకు చెప్పలేదు."

"అతనికి చెప్పావా? నాకు చెప్పకుండా అతనికా?"

"ముసలాయన్ని విడిచిపెట్టండి, తీసింది నేనే అని చెప్పాను. నాలుగు దెబ్బలు కొట్టి వదిలేస్తారు, మీరు నోరు మూసుకోండి అన్నారీయన. నమ్మాను." ఆమె యాన్ వైపు తిరిగింది. "వదిలేశారా?"

యాన్ తల దించుకున్నాడు.

"పన్నెండింటికి మిలిటరీ పోలీసులకి అప్పగిస్తారు," అన్నాడు తాన్.

ఆమె ఒక్కసారిగా లేచింది. కుర్చీ వెనక్కి పడింది. "అయితే ఇంకెందుకు నిలబడ్డారు? నన్ను తీసుకుపోండి! పాలవాడు నా మూలంగా ఆసుపత్రిలో ఉన్నాడు, అది చాలదా?"

"ఎందుకు తీశావు మిన్‌షూ?"

"చూడాలనిపించింది." "జపాను వాళ్ళొచ్చాక రెండున్నరేళ్ళయింది మన జెండా మామూలుగా ఎగరడం చూసి. ఈ తోకలు కుడుతుంటే రోజూ నా నోరు నేనే కుట్టుకున్నట్టుండేది. ఒక్కసారి, ఒక్క జెండా, ఒక్క చూపు. వీధిలో ఎవరూ లేరు. లారీ వస్తుందని నాకేం తెలుసు? మీకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంటికొస్తే మీరు యాన్ కుర్చీ, యాన్ రిక్షా, యాన్ గ్లౌజులు. మన ఇంట్లో మూడో మనిషి కూర్చున్నట్టే ఉండేది. నా మాటకి చోటెక్కడ?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం, తాన్‌కి తెలుసు. సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు మధ్యలో కూడా, ఆ మాటలు యాన్ వింటున్నాడన్న బాధే ఎక్కువగా ఉంది.

"ఆ కుట్టు ఒక్క దానికే వేశావా?"

"నేను కుట్టినవన్నీ అంతే. డెబ్భై మూడు. బడి గేటు మీది కుట్టు చూసి నాదని పోల్చుకున్నాను, మిగతావి ఏ గుమ్మానికి పోయాయో తెలీదు. తీసింది మాత్రం ఒక్కటే."

యాన్ గడియారం చూశాడు. "పదకొండూ ముప్పై ఐదు. వినండి. దక్షిణ ద్వారం దగ్గర నా పాస్ చెల్లుతుంది. పక్కన నేను కూర్చుంటే ఎవరూ తెర ఎత్తరు. ద్వారం దాటిస్తే పడవ దొరుకుతుంది. నేనొచ్చేదాకా వాళ్ళని మీరు మాటల్లో పెట్టండి అన్నా."

"ముసలాయన?" అంది మిన్‌షూ.

"నిర్దోషి అని నా సంతకంతో వెళ్ళింది," అన్నాడు తాన్. "అది నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళు."

"మీరు పంపిస్తున్నారా? ఆయనతో?"

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. ఉంటే తేలికగా ఉండేది. తాన్ ఆమె పైకోటు తీసి భుజాల మీద కప్పాడు. గుండీ పెట్టబోయాడు. ఆమే పెట్టుకుంది.

"వూహూకి పోకు. మొదట అక్కడే వెతుకుతారు," అన్నాడు. "పడవ ఎక్కాక ఎటు పోయావో నాకు కూడా తెలియనివ్వకు."

ఆమె అతని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. అతను మెట్ల దాకా వచ్చాడు. అంతకు మించి రాలేకపోయాడు. ఆ రిక్షాలో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం దగ్గర నుంచి చూసే శక్తి అతనికి లేదు.

*

పై అంతస్తులో తన గది కిటికీలోంచి చూశాడు. పదకొండూ నలభై ఎనిమిది. ఇత్తడి దీపం రిక్షా ఆకుపచ్చ తెర దించుకుని ఆవరణ దాటుతోంది. ఇంకో ముప్పై అడుగులు పోతే వీధి మలుపు.

అంతలో మలుపు తిరిగి జపాను లారీ గేటుకి అడ్డంగా వచ్చి ఆగింది. పన్నెండు నిమిషాలు ముందే వచ్చారు. లారీ ముందు సీట్లోంచి దిగిన అధికారి చేతిలో కాగితం ఉంది. ఇంత దూరం నుంచి అక్షరాలు కనబడవు గానీ, అది వేణ్ణీళ్ళ కొట్టు బల్ల మీద తను రాసిన చీటీయేనని తాన్‌కి తెలిసిపోయింది. అధికారి ఇత్తడి దీపం చూశాడు. కాగితం చూశాడు. చెయ్యి ఎత్తాడు. ఇద్దరు సైనికులు రిక్షాని చుట్టుముట్టారు.

తాన్ కిటికీ చట్టాన్ని పట్టుకున్నాడు. తెర కదిలింది. యాన్ ఒక్కడే దిగి, తెరని వెనక జాగ్రత్తగా దించాడు. గ్లౌజులు తీసి వంగి నమస్కరించాడు. తర్వాత గడగడా మాట్లాడటం మొదలుపెట్టాడు. మధ్యలో అధికారి నవ్వాడు కూడా. యాన్ తన రిక్షా చక్రాన్ని తట్టి, అరచేతులు చాపి చూపించాడు. నిన్న దీన్ని ఒకరికిచ్చాను, నాకేం తెలుసు అన్నట్టు ఉంది. భాష రాకపోయినా తాన్‌కి అర్థమైంది.

అప్పుడు యాన్ చీటీ కింద సంతకం చోట వేలు పెట్టి, అదే వేలు సూటిగా పై అంతస్తు కిటికీ వైపు చూపించాడు.

అధికారి తల పైకెత్తాడు. సైనికులు తలలు పైకెత్తారు. ఇటు యాన్ మళ్ళీ ఒకసారి వంగి, తెర కొంచెమే తప్పించి లోపలికి ఎక్కాడు, ఆమె పక్కన కూర్చున్నాడు. లారీ వెనక్కి జరిగి దారిచ్చింది. రిక్షా మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

తన మెడ కాపాడుకున్నాడు, మిన్‌షూని దాటించాడు, తాన్‌ని వదిలించుకున్నాడు. ఆ వేలు ఏ కారణంతో లేచిందో తాన్‌కి ఎప్పటికీ తెలియదు. ముసలి గెంగ్ మాత్రం మధ్యాహ్నానికి ఇంటికి పోతాడు. చీటీలో ఉన్న దోషి దొరికాడు కదా.

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. తాన్‌కి ప్రాణభయం కలగలేదు, కలగడానికి చోటు లేదు. ఆ మాట తను చెప్పాల్సింది. 'తీసింది నేనే' అని ఆమె వినేలా, ఆమె కళ్ళ ముందు తను చెప్పాల్సింది. అదీ వాడే చెప్పేశాడు. ఆమె తెర చాటు నుంచి, జపాను మాటల మధ్య తాన్ పేరు విన్నది వాడి నోట.

అతను కాలరు గుండీ పెట్టుకుని, వాళ్ళు తట్టకముందే తలుపు తీశాడు.